మూడు వందల మల్లెలు, నాలుగు టైర్లు

బెంగుళూరు వెళ్ళొచ్చామని తెలియగానే మా వీధిలోవాళ్ళు వరసగా అడిగారు. పూలతోట చూశారా, మెట్రో ఎక్కారా, పట్టుచీర తెచ్చారా అని. మేము చూసింది టైర్లు. ఎక్కింది మా సొంత పికప్పు బండి. తెచ్చినవీ టైర్లే, కాకపోతే అవి బండి కింద ఉండబట్టి ఎవరి కంటా పడలేదు. మూడు రోజులు అంత ఊళ్ళో తిరిగి నాలుగు టైర్లు వేసుకుని రావడం కూడా ఒక యాత్రేనా అని మా ఆయన పెదవి విరిచాడు. ఆయన కోసం కాదు, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది కదిరి. ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి, ఇప్పుడు మా నర్సరీలో మల్లె అంట్లకు నీళ్ళు పోస్తున్నాను. పిల్లలకంటే ఇవే నయం, చెప్పినచోట నిలబడతాయి. ఆ మొక్కలను ఊళ్ళకు చేరవేసే చిన్న పికప్పును నడిపేది మా ఆయన అక్క, సుభద్ర వదిన. వయసు అరవై దాటింది. వాళ్ళాయన పోయాక, యాభై రెండో ఏట స్టీరింగు పట్టింది. బస్టాండు దగ్గర ఆమె బండిని వెనక్కి తీస్తుంటే ఆటోవాళ్ళు ఇంజన్లు ఆపి చూసేవారు, మొదట్లో భయంతో, తర్వాత గౌరవంతో.

నెల కిందట ఒక వానలో, గోరంట్ల వైపు ఒక మలుపులో, బండి జారి వేరుశనగ చేలోకి దిగబడింది. బండిలో వదిన ఒక్కతే ఉంది. దెబ్బలు తగలలేదు గానీ నూరు మొక్కల నడుములు విరిగాయి. మా ఆయన ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాడు: "అక్కా, ఇంక చాలు. డ్రైవర్ని పెడదాం."

"జారింది నేను కాదప్పా, టైరు," అంది వదిన.

టైర్లను చూస్తే ఆమె మాటా నిజమే అనిపించింది. నాలుగూ గుండు కొట్టించుకుని వచ్చినట్టున్నాయి. అప్పుడే బెంగుళూరు శివార్లలో సర్జాపుర దగ్గర కొత్తగా కట్టిన ఒక చర్చివాళ్ళు మూడు వందల మల్లె మొక్కలు కావాలన్నారు. శనివారం కల్లా రావాలి, ఆదివారం వాళ్ళ ప్రారంభోత్సవం. వదిన తమ్ముడితో పందెం వేసింది. బెంగుళూరులోనే కొత్త టైర్లు వేయించి, మూడు వందల మొక్కల్లో ఒక్కటీ విరగకుండా దించి వస్తే డ్రైవరు మాట ఇంక ఎత్తకూడదు. విరిగితే బండి తాళాలు ఆమే తెచ్చి ఇస్తుంది. నన్ను సాక్షిగా వెంట పంపారు. నేను ఎవరి సాక్షినో ఇద్దరూ చెప్పలేదు.

చెక్‌పోస్టు టీ

గురువారం తెల్లవారగానే బయలుదేరాం. పాత టైర్లు కాబట్టి వదిన మెల్లగా నడిపింది. గొడవ మాత్రం జోరుగా నడిచింది.

టైర్లలో రెండు రకాలున్నాయని నేను ఫోన్లో చదివి పెట్టుకున్నాను. ఒకటి ఆల్ టెర్రెయిన్, అంటే మట్టి, రాయి, గుంట ఏదైనా పట్టుకుని పోయేది. దాని ఒళ్ళంతా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. ఇంకొకటి ఆల్ సీజన్, ఎండకూ వానకూ రోడ్డు మీద సాఫీగా పోయేది. వదినకు మొదటిది కావాలి. నాకు రెండోది కావాలి. మన బండి నడిచేది ఎక్కువగా తారు రోడ్డే కదా అని నా వాదన.

"మన తోట దారి మట్టే కదమ్మే," అంది వదిన.

"మన తోట దారి ఎంత పొడుగుంటుంది వదినా?"

"ఎంతుంటే ఏమి? దినామూ పోతాండాం కదా!"

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగాం. వదిన టీ కొట్టాయన్నే మధ్యవర్తిగా పెట్టేసింది. ఆయన గిన్నె దించకుండానే చెప్పాడు: "మా బామ్మర్ది జీపుకు ఆ గడ్డల టైర్లే వేయించినాడక్కా. ఊళ్ళో పోతాంటే అందరూ తిరిగి చూస్తారు."

"చూడు!" అని వదిన నా భుజం మీద ఒకటి వేసింది.

"అంత బాగుంటాయా?" అని అడిగాను.

"బాగుండేది కాదమ్మా, సౌండు. హెలికాప్టరు వచ్చిందేమోనని చూస్తారు."

ఆ టీ డబ్బులు నేనే సంతోషంగా ఇచ్చాను.

ఊరి గుమ్మంలో

హెబ్బాళ దగ్గర ట్రాఫిక్కు పోలీసాయన బండి ఆపాడు. పొద్దుటి రద్దీలో సరుకు బండ్లు ఊళ్ళోకి రాకూడదు, పదకొండు దాకా పక్కన నిలపాలి. మా ఊళ్ళో పొద్దున్నే సరుకు బండి రాకపోతే ఆ ఊరికి ఏదో అయిందని అర్థం. ఇక్కడ వస్తే అయినట్టు.

ఆయన వెనక చుట్టూ తిరిగి మొక్కలను చూశాడు. "మల్లిగేనా?" అన్నాడు. అవునన్నాను. వాళ్ళింట్లో మల్లె కుండీ ఉందట. రెండేళ్ళుగా ఆకులే తప్ప పూలు లేవట. నాలో టీచరమ్మ లేచి కూర్చుంది. ఆకు దూసి కొమ్మలు కత్తిరించమని, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించమని, ఎండ తగిలేచోట పెట్టమని పావుగంట పాఠం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు కూడా. అంతా అయ్యాక పుస్తకం మూసి, "పదకొండు," అన్నాడు.

పక్కన ఎళనీరు అమ్మేవాడున్నాడు. ఎళనీరు అంటే కొబ్బరిబొండాం. ఒకటి అరవై రూపాయలు. మా ఊళ్ళో దీనికి ఒకటిన్నర వస్తుందని వదిన బేరం మొదలుపెట్టింది. అతను కన్నడంలో మొదలుపెట్టి, మా యాస విని తెలుగులోకి దిగాడు. ధర మాత్రం దిగలేదు. కాయ చెక్కుతూనే మా టైర్ల గొడవ మొత్తం విన్నాడు.

"అక్కా, ఈ ఊళ్ళో బండి కదిలేదే లేదు," అన్నాడు. "నిలబడేకి ఏ టైరైతే ఏమి?"

పదకొండుకు ఊళ్ళోకి వెళ్ళాక ఆ మాట ఎంత నిజమో తెలిసింది. కాటన్‌పేట చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర.

కాటన్‌పేట

వదిన పెళ్ళయిన కొత్తలో నాలుగేళ్ళు కాటన్‌పేటలో కాపురం ఉంది. అప్పటి పొరుగింటామె శాంతమ్మ. వాళ్ళు తాతల కాలం నుంచీ అక్కడే ఉంటూ ఊదొత్తుల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. సందు ఎంత ఇరుకంటే, మా బండి దూరాక ఎదురుగా వచ్చిన సైకిలువాడు కూడా దిగి వెనక్కి నడిచాడు. మేడల మీద ఆడవాళ్ళంతా బయటికొచ్చి తలా ఒక మాట అరుస్తున్నారు. వదిన ఎవరి మాటా వినకుండా అద్దాలు చూసుకుంటూ, గోడకు బెత్తెడు దూరంలో బండిని నిలబెట్టింది. పైనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

"సుభద్రక్కా! ఎన్నేండ్లాయె!" అంటూ శాంతమ్మ దిగివచ్చింది. "బండి నిలిపేకి జాగా నేనే పట్టి పెట్టినా. ముందు ఊట చెయ్యండి, మాటలు ఆమేలె."

ఊట అంటే భోజనం, ఆమేలె అంటే తర్వాత. శాంతమ్మ తెలుగులో కన్నడం అన్నంలో నెయ్యిలాగా కలిసిపోయి ఉంటుంది. రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు పెట్టింది. మాకు రాగి సంగటి కొత్త కాదు, కానీ మేము బియ్యం వేసి వండుతాం, నమిలి తింటాం. నేను నమలడం మొదలుపెట్టగానే ఆ ఇంట్లో అందరూ తినడం ఆపి నన్ను చూశారు.

"నమలకూడదు రత్నమ్మా, మింగాల," అంది శాంతమ్మ, చంటిపిల్లకు చెప్పినట్టు.

మింగాను. రెండో ముద్దకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆనందమనుకుని ఇంకొకటి వేశారు.

శాంతమ్మ తమ్ముడు నంజుండప్పకు జేసీ రోడ్డులో టైర్ల కొట్టుంది. మరునాడు వస్తున్నామని శాంతమ్మ ఆయనకు ఫోను చేసింది. వదిన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, నేను ఆ ఫోను అడిగి తీసుకున్నాను. "అన్నా, మా వదిన రేపు గడ్డల టైర్లు అడుగుతుంది. దయచేసి అవి లేవని చెప్పండి," అన్నాను. "చూస్తాలే అమ్మా," అన్నాడు. ఇరవై ఆరేళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పిన నోటితోనే అన్నాను ఆ మాట. కొంచెం కూడా సిగ్గనిపించలేదు, హాయిగా నిద్రపట్టింది.

పొద్దున లేచి చూస్తే సందులో తిరిగే ఒక ఆవు మా బండి పక్కన నిలబడి, ఏడెనిమిది మొక్కల చిగుళ్ళు నెమరు వేస్తోంది. నేను గుండె పట్టుకున్నాను. వదిన మొక్కలను ఒక్కొక్కటీ తడిమి చూసి, "విరగలేదు, తిన్నాది అంతే," అంది. "విరిగితేనే కదా పందెం?"

విరగడం వేరు, తినబడడం వేరు. వ్యాకరణం ప్రకారం ఆమె మాట కొట్టివేయలేకపోయాను.

బళేపేట గాజులు

టైర్ల కొట్టుకు బయలుదేరుతుంటే శాంతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బళేపేట దాకా వచ్చి గాజులు చూడకుండా పోతావా? అక్క బండి తోలుకొని పోనీ, మనం ఆటోలో ఆమేలె పోదాం." వదిన కూడా ఎన్నడూ లేనంత ప్రేమగా, "పో రత్నా, నీకు ఆకుపచ్చ బాగుంటాది," అంది. అక్కడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. గాజులంటే నాకున్న బలహీనత వదినకు బాగా తెలుసు.

బళేపేట సందుల్లో గాజుల అట్టలు గోడల్లాగా నిలబెట్టి ఉన్నాయి. మా ఊరి తిరునాళ్ళలో గాజులామె మన చెయ్యి నొక్కి నొక్కి ఎక్కిస్తుంది. ఇక్కడ చెయ్యి ముట్టుకోరు, కంటితో చూసే కొలత చెప్పేస్తారు. నా కొలత అంగట్లో అబ్బాయి చెప్పింది సరిగ్గా సరిపోయింది, నేను చెప్పింది మోచేతి దాకా పోయింది. నాకు నచ్చిన ప్రతి డజనుకూ శాంతమ్మ ఒక వంక పెట్టింది. రంగు వెలిసిపోతుంది, పక్క అంగడిలో ఇంకా మంచివి ఉన్నాయి, ఇది ముసలోళ్ళది, ఇది పిల్లలది. నాలుగు అంగళ్ళు తిరిగాక, ఆమె స్తంభం చాటుకు వెళ్ళి ఫోనులో గుసగుసలాడడం విన్నాను.

"ఇంకా బిగించలేదా? ఎంతసేపు నిలిపేది ఈ యమ్మను!"

నేను ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు చేతికందినవి తీసుకుని, అడిగిన ధర ఇచ్చి, శాంతమ్మను ఆటోలోకి తోశాను. దారంతా ఆమె కిటికీ లేని ఆటోలో కిటికీలోంచి చూస్తున్నట్టు అటు తిరిగి కూర్చుంది.

జేసీ రోడ్డు

మేము వెళ్ళేసరికి వదిన ఒక పాత టైరు మీద దర్జాగా కూర్చుని, బై-టూ కాఫీలో తన సగం తాగుతోంది. ఈ ఊళ్ళో ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడం మర్యాదే. మిగతా సగం నంజుండప్ప చేతిలో ఉంది. ఆయన లావుపాటి మనిషి, నుదుట విభూతి, చేతులనిండా నలుపు. బండి చక్రాలు నాలుగూ ఊడదీసి ఉన్నాయి. కొత్తవి ఏవీ బిగించలేదు.

"రండమ్మా," అన్నాడు నన్ను చూసి. "ఒకరు ఫోను చేసి ఆ టైరు లేదని చెప్పమంటారు. ఇంకొకరు వచ్చి ఆ యమ్మ వచ్చేలోగా అదే బిగించెయ్యమంటారు. మా అక్క గాజుల అంగడి నుంచి గంటకు నాలుగుసార్లు ఫోను చేస్తాది. ఇదేమి టైరు కొనేదా, ఎలక్షనా?"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు వదినే నవ్వింది. తర్వాత ఎవరమూ ఆగలేకపోయాం. పక్క కొట్టువాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

నంజుండప్ప మా పాత టైర్లను గోడకు వరసగా ఆనించాడు. జాతకం చూసేవాడిలాగా ముందు కూర్చుని వేలితో తడిమాడు. "గాలి కొట్టేది ఎవరు?"

"మా తమ్ముడు," అంది వదిన.

"చూడు, నడుమన అరిగిపోయి ఉండాది, అంచులు బాగుండాయి. అంటే గాలి ఎక్కువ. చక్రం ఉబ్బి నడుమ భాగమే నేలకు తగులుతాది. వానలో పట్టు ఉండదు."

బంకు దగ్గర ప్రతిసారీ "ఇంకో నాలుగు కొట్టు" అనే మా ఆయన గొంతు మా ఇద్దరికీ ఒకేసారి వినపడింది. వదిన ముఖం దీపావళి అయిపోయింది. "రత్నా, ఇది నువ్వు సాక్షిగా విన్నావు!"

"ఎడమ పక్క ఈ గీతలేమి?" అన్నాడాయన. టైరు పక్కభాగం రాయికి రాసుకుని చిరిగినట్టుంది. "ఇది గాలి పని కాదక్కా. తోలేవాళ్ళ పని."

వదిన కాఫీ లోటాలోకి చూసుకుంది.

గడ్డల టైర్లు ఎట్లా ఉంటాయో మాటల్లో చెప్పనన్నాడు నంజుండప్ప. ఆయన సొంత పికప్పుకు అవే ఉన్నాయి, వారంలో సగం రోజులు క్వారీలకు వెళ్తాడట. మమ్మల్ని ముందు సీట్లో ఇరికించి ఒక చుట్టు తిప్పాడు. కింద పిండిమర ఆడుతున్నట్టు ఒకటే రొద. టీ కొట్టాయన అబద్ధం చెప్పలేదు. "మట్టిలో, రాళ్ళలో దీనికి సాటి లేదు," అన్నాడాయన గట్టిగా అరుస్తూ. "బరువెక్కువ, డీజిలు ఇంకొంచెం తాగుతాది. ఇంక మీరడిగే ఆల్ సీజనంటారా, అది మంచు పడే దేశాల పేరు, మనకు మంచు పడేది లేదు. మంచి రోడ్డు టైరే మనకు ఆల్ సీజను."

కొట్టు దగ్గర దిగాక వదిన చాలాసేపు రెండు రకాల టైర్లనూ చూస్తూ నిలబడింది. గడ్డల టైరు మీద చెయ్యి వేసి నిమిరింది. నేను మనసులో నా వాదనలన్నీ వరసగా పేర్చుకుంటున్నాను.

"నంజుండప్పా," అంది నెమ్మదిగా, "తడి తారు మీద బ్రేకు వేస్తే ఏది ముందు నిలబడతాది?"

"రోడ్డు టైరే అక్కా. తారుకు ఎక్కువ తగిలేది అదే. నీళ్ళు పోయేకి గీతలుంటాయి దాంట్లో."

"అయితే అదే వెయ్యి."

నేను యుద్ధానికి సిద్ధమై వస్తే అవతలివాళ్ళు కోట తాళాలు చేతికిచ్చినట్టయింది. గెలిచినందుకు సంతోషంగా ఉండాలి కదా, లేదు. వదిన అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. ఎందుకని అడిగితే, "రొద ఎవరు భరిస్తారు," అని మాట తప్పించింది. నంజుండప్ప చక్రాల వంకర సరిచేసి, గాలి ఎంత కొట్టాలో తలుపు లోపలి అట్ట మీద చూపించి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వద్దని ఒట్టు వేయించుకున్నాడు.

సర్జాపుర మట్టి

శనివారం రద్దీ మొదలుకాకముందే సర్జాపుర దారి పట్టాం. తెల్లవారుజామున వాన పడింది. రెండు పక్కలా ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు, వాటి గేట్లకు ఉచ్చరించలేని ఇంగ్లీషు పేర్లు, వాటి పక్కనే రేకుల గుడిసెల వరసలు. కొత్త టైర్ల మీద బండి ఇస్త్రీపెట్టె పోయినట్టు పోయింది. నేను మూడుసార్లు "విన్నావా వదినా, చప్పుడే లేదు," అన్నాను. నాలుగోసారి అనబోతుంటే చర్చి సందు వచ్చింది.

సందు లేదు. నీళ్ళ పైపుల కోసం తవ్వి, పూడ్చి, వదిలేసిన ఎర్రమట్టి ఉంది. దాని మీద రాత్రి వాన. చర్చి నూరడుగుల దూరంలో తెల్లగా కనపడుతోంది. మా బండి పది అడుగులు పోయి, వెనక చక్రాలు గిరగిర తిరిగి, అక్కడే కూర్చుంది. వదిన నావైపు చూసింది.

చర్చి ప్రహరీ కడుతున్న కూలీలు పని ఆపి వచ్చారు. వాళ్ళలో ముందుకొచ్చినామె పేరు బాలమణి. పాలమూరు నుంచి వచ్చిందట. తలకు తువాలు చుట్టుకుని, మేస్త్రీకి కూడా ఆమే మేస్త్రీ అన్నట్టుంది.

"ఏందక్కా, నువ్వే నడుపుతున్నవా?" అని వదినను ఎగాదిగా చూసి, "మంచిగుంది! ఇగ ఆగు, ఊకె రేసు జెయ్యకు, ఇంకింత లోపలికి పోతది," అంది. స్లాబు కింద పరిచే సెంట్రింగు పలకలు నాలుగు తెప్పించి చక్రాల ముందు పెట్టించింది. బండి పలక మీదికి ఎక్కగానే వెనక పలకలు తీసి ముందు వెయ్యాలి. మళ్ళీ ఎక్కాలి. అట్లా పలక తర్వాత పలక. వదిన తల కిటికీలోంచి బయట పెట్టి బాలమణి చేతినే చూస్తూ నడిపింది.

"జర ఎడమకు... గట్ల గాదు... ఆగాగు! గిప్పుడు రా. మెల్లగ. గంతే!"

నూరడుగులకు ముప్పావుగంట పట్టింది. బరువు తగ్గిద్దామని నేను ఒక మొక్కను చంకన పెట్టుకుని నడిచాను. ఒక్క మొక్క తగ్గితే బండికి ఏమి బరువు తగ్గుతుందని ఎవరూ అడగలేదు. చర్చి గేటు దగ్గరికి వచ్చాక కాలు జారి, మొక్కతో సహా మట్టిలో బోర్లా పడ్డాను. మల్లె కొమ్మ నా కిందే ఫటుక్కుమంది. ఆకుపచ్చ గాజుల్లో సగం పోయాయి.

"అయ్యయ్యో, పడిపోయారేంటండీ!" అంటూ గేటు లోపలినుంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. మొక్కలు తెప్పించిన కరుణగారు ఆవిడే. గుంటూరు వైపువారు, ఇక్కడ ఆసుపత్రిలో హెడ్డు నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని తిన్నగా వచ్చారట. నా చేతిని రెండువైపులా తిప్పి చూసి, "ఏం కాలేదండి, మట్టి ఎక్కువ, మనిషి తక్కువ," అని తేల్చేశారు.

రెండు వందల తొంభై తొమ్మిది మొక్కలు నిక్షేపంగా దిగాయి. విరిగిన ఒక్కటీ సాక్షి చేతిలో విరిగింది. వదిన పొట్ట పట్టుకుని బండికి ఆనుకుని నవ్వింది. బాలమణి కూడా తువాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

కరుణగారు అందరికీ గోంగూర పచ్చడి, చేపల పులుసు, అన్నం వడ్డించారు. కూలీలతో కలిసి ప్రహరీ నీడలో వరసగా కూర్చున్నాం. మూడు రోజుల తీపి సాంబారు తర్వాత ఆ గోంగూర నాలుకను లేపి కూర్చోబెట్టింది. తిన్నాక వదిన పక్కన చేరి, "నువ్వన్న టైర్లే వేసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. ఎందుకు మనసు మార్చుకున్నావు?" అని అడిగాను.

వదిన గుంటల్లో మల్లెలు నాటుతున్నవాళ్ళను చూస్తూ చెప్పింది.

"మట్టిలో కూరుకుంటే పదిమంది వచ్చి తోస్తారు రత్నా. తారు మీద జారితే ఎవరు పట్టుకుంటారు?" కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఆ పొద్దు బండి జారింది మట్టిలో కాదు. తారు మీదనే. మలుపులో ఎదురుగా లారీ వచ్చినాది. చానా దూరంలోనే ఉండాది. నాకు భయమై బ్రేకు మీద నిలబడినా. అంతే. చేలోకి పోయినాక మట్టి అంటుకున్నాది కదా, అందరూ మట్టే అనుకున్యారు. నేనూ ఊరుకున్యా. పెద్ద టైర్లు వేస్తే ఆ భయం ఎవరికీ కనపడదులే అనుకున్యా."

ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మూడు రోజులుగా నేను ఆ మనిషి మీద కుట్రలు చేస్తున్నాను, ఆమె నిజంగా ఏమి కొనడానికి వచ్చిందో తెలియకుండానే. "నాకు ఇప్పుడు కూడా గాజుల అంగట్లో భయమే వదినా, ఎవరు నన్ను మోసం చేస్తారోనని," అన్నాను. ఆమె మోచేత్తో ఒక పోటు పొడిచింది.

ఎవరూ లేని ఊరు

తిరుగు ప్రయాణంలో చిక్కబళ్ళాపురం దగ్గర వాన అందుకుంది. ముందు బస్సులు నీళ్ళు చిమ్ముతూ పోతున్నాయి. ఒక మలుపులో ఎదురుగా లారీ దీపాలు కనపడ్డాయి. నేను నోరు మూసుకుని సీటు అంచు పట్టుకున్నాను. వదిన యాక్సిలేటరు మీద కాలు తీసి, గేరు తగ్గించి, బ్రేకును పసిబిడ్డను తట్టినట్టు తట్టింది. బండి బుద్ధిగా నెమ్మదించి, తెల్లగీతకు ఇవతలే మలుపు తిరిగింది. లారీ వెళ్ళిపోయింది. వదిన పెద్దగా ఊపిరి వదిలి, "అద్దం తుడువు, ఆవిరి పట్టినాది," అంది.

బాగేపల్లికి ముందు వాన తగ్గింది. అక్కడ మా ఆయన ఫోను చేశాడు. డ్రైవరు దొరికాడట, మంచివాడట, సోమవారం నుంచి వస్తాడట. వదిన ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"ఒక మొక్క విరిగినాది తమ్ముడూ, కానీ అది నీ భార్య కింద పడి విరిగినాది. ముందు నువ్వు గాలి కొట్టేది మానుకో, ఇంటికొచ్చినాక చెప్తా దాని సంగతి. ఇంగ డ్రైవరు విషయం. నువ్వు చెప్పింది నిజమే, నేనొక్కదాన్నే ఎంత కాలం తోలేది? ఇంకొకరు కావాల్సిందే. మాకు దారిలోనే దొరికినారు."

"ఎవరు?" అని అవతల నుంచి వినపడింది. ఇవతల నుంచి నేను కూడా అదే అడిగాను.

వదిన ఫోను నా ఒళ్ళో పడేసి, రోడ్డు దిగి ఒక కమాను కిందుగా బండిని లోపలికి తిప్పింది. అదొక వెంచరు. తెల్లసున్నం రాళ్ళు, నలభై అడుగుల నల్లటి తారు రోడ్లు, దీపస్తంభాలు, ఒక్క ఇల్లు లేదు. కాపలాదారు ప్లాట్లు కొనేవాళ్ళమనుకుని గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. వదిన అతనితో ఏదో మాట్లాడి, అతన్నీ ఒప్పించి, దిగి నా వైపు తలుపు తెరిచింది.

"జరుగు అటు."

"వదినా, నాకు సైకిలే సరిగ్గా రాదు."

"నాకు యాభై రెండులో ఏమొచ్చు? జరుగు."

మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. నాలుగోసారి బండి ఒక కుదుపు కుదిపి ముందుకు కదిలింది. కాపలాదారు గొడుగు మూసి రాయి చాటుకు వెళ్ళాడు. స్టీరింగు నా చేతుల్లో బతికున్నదానిలాగా వణుకుతోంది. పక్కన వదిన కిటికీ పై కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"రత్నా, ముందర ఎవరన్నా ఉండారా?"

"ఎవరూ లేరు వదినా."

"అయితే ఇంగా కొంచెం తొక్కు," అంది.